సోకు అని ఒప్పుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది

మా ఎర్ర స్విఫ్ట్‌కి బాడీ కిట్, అంటే బయట బిగించే అదనపు ముక్కల సెట్, వేయిస్తానని ఇంట్లో చెప్పిన రోజు, ఎందుకని అడుగుతారని తెలిసి ముందే ఒక కారణం సిద్ధం చేసుకున్నాను. "గాలి కారు కిందికి దూరకుండా ఆపుతుంది, మైలేజీ పెరుగుతుంది" అన్నాను. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది, అంకె వినకుండా ఏదీ నమ్మదు. "ఎంత పెరుగుతుంది?" అంది. "లీటరుకి రెండు కిలోమీటర్లు" అని నోటికొచ్చింది చెప్పేశాను. నాన్న పేపర్ కొంచెం దించి నా వంక చూసి, మళ్లీ పేపర్లో తల దూర్చేశారు. ఆయనకి అప్పుడే అర్థమైపోయింది. నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది, 38 వేల రూపాయలు అయ్యాయి.

కారుకి కిట్లు వేయించుకోవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. నా కారుకి ఇవాళ్టికీ కిట్ ఉంది. నా గొడవల్లా ఆ రోజు చెప్పిన అబద్ధంతోనే. సోకు కోసం చేసే పనికి సైన్సు పేరు పెట్టుకుంటే, ఆ పేరుకి తగ్గట్టు కొనాల్సి వస్తుంది. ముందు బంపర్ కింద చిన్న లిప్, అంటే పెదవిలాంటి అంచు, చాలనుకున్నవాడు "గాలి ఆగాలంటే ఇంకా కిందికి ఉండాలి" అని పెద్దది కొంటాడు. రెండు వైపులా డోర్ల కింద స్కర్టులు, వెనక బంపర్ కింద డిఫ్యూజర్ పలకలు, డిక్కీ మీద రెక్క కూడా కావాలి, లేకపోతే "సెట్ బ్యాలెన్స్ అవ్వదు" అంటారు షాపులో. నేను అచ్చంగా ఇలాగే కొన్నాను.

ముందు గాలి సంగతి తేల్చేద్దాం. బండి వేగం రెట్టింపైతే గాలి ఎదురు తోసే బలం నాలుగు రెట్లవుతుంది. 30లో పోయేటప్పుడు ఉన్న దానికి 120 దగ్గర పదహారు రెట్లు. అంటే ఈ లెక్కకి అర్థం ఉండేదే మంచి వేగం మీద. సాయంత్రం ఆరింటికి బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర నేను పోయే వేగంలో గాలికి నా కారూ ఒకటే, చెరకు రసం బండీ ఒకటే.

స్పాయిలర్, అంటే ఈ వెనక రెక్క, నిజంగా పనిచేసిన చోట్లు లేకపోలేదు. 1972లో పోర్షె వాళ్లు 911 కారెరా ఆర్‌ఎస్ 2.7 అనే కారుకి వెనక బాతు తోకలాంటి ముక్క పెట్టారు. ఆ కారు వీపు జారుడుబల్లలా ఉంటుంది. వేగంలో గాలి ఆ వాలు మీంచి జారుతూ వెనక భాగాన్ని పైకి లేపుతుంది. ఆ లేపుడు తగ్గించడానికి పెట్టిన తోక అది. ఆడి టీటీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1998లో వచ్చిన ఆ కారు గుండ్రటి వీపుతో చూడముచ్చటగా ఉండేది. జర్మనీ ఆటోబాన్ల మీద బాగా వేగంగా పోతూ మలుపుల్లో, లేన్ మారేటప్పుడు వెనక భాగం తేలి, అదుపు తప్పి ప్రమాదాలు జరిగాయి. మనుషులు పోయారు. దాంతో కంపెనీ అప్పటికే అమ్మిన కార్లని వెనక్కి పిలిచి, సస్పెన్షన్ సవరించి, డిక్కీ అంచున చిన్న స్పాయిలర్ బిగించింది. ఆ ముక్క చూడండి, అరచేయంత ఎత్తు కూడా ఉండదు. పని చేసేది అంత చిన్నగా ఉంది. నా కారు మీద పెట్టిన రెక్క మీద మాత్రం ఇద్దరు పిల్లలు కూర్చోవచ్చు.

ఇక డిఫ్యూజర్. కారు అడుగు చదునుగా ఉండి, నేలకి దగ్గరగా ఉన్నప్పుడు కింద గాలి వేగంగా పోతుంది. ఆ గాలిని వెనక నెమ్మదిగా పైకి వదిలితే కారు నేలకి లాగినట్టు ఉంటుంది. రేసు కార్లలో అది చాలా పెద్ద విషయం. మా కారు కింద నేనొకసారి వెల్లకిలా పడుకుని చూశాను. సైలెన్సర్ గొట్టం, స్టెప్నీ గుంట, ఇరుసు, బురద. గాలి అక్కడికి వచ్చేసరికే సంతలో తప్పిపోయినట్టుంటుంది. అలాంటి గాలికి చివర్లో మూడు నల్ల ప్లాస్టిక్ పలకలు చూపించి "ఇటు పోవమ్మా" అంటే అది వింటుందా?

ఇదంతా అప్పుడు తెలియదా అంటే, కొంత తెలుసు. తెలుసుకోకూడదనుకున్నాను, అంతే.

కిట్ వేసింది మా ఊళ్లోనే కాస్త పేరున్న ఒక షాపు. ఫైబర్ కిట్. ఫైబర్ అంటే గాజు పీచు చాప, రెజిన్ అనే జిగురు. అచ్చుకి మైనం రాసి, మీద జెల్ కోటు వేసి, పీచు ముక్కలు పరిచి, హార్డెనర్ కలిపిన రెజిన్‌ని బ్రష్షుతో తడుపుకుంటూ పోతారు. గట్టిపడ్డాక అచ్చులోంచి ఊడదీస్తారు. చేత్తో చేసే పని కాబట్టి ఒక ముక్క మందంగా, ఒక ముక్క పల్చగా వస్తుంది. అచ్చు పాతబడితే ముక్క వంకర పోతుంది. ఫైబర్‌కి వంగడం చేతకాదు, తగిలితే పగులుతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ ముక్క అయితే కాస్త ఒంగి సర్దుకుంటుంది. కంపెనీ బంపర్లు ఇంకా మెత్తటి ప్లాస్టిక్‌తో చేస్తారు, గోడకి మెల్లగా ఆనించినా లొట్ట పడి బయటికి వచ్చేస్తాయి. "ఏబీఎస్‌లో ఇంత పెద్ద లిప్ దొరకదు సార్" అన్నాడు షాపులో కుర్రాడు. గాలి ఆగాలి కదా, పెద్దదే తీసుకున్నాను.

ముక్కలు తెచ్చి కారుకి ఆనిస్తే ముందు చక్రం దగ్గర నా చిటికెన వేలు దూరేంత సందు. ఆ సందుని పుట్టీతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, రంగేశారు. రంగు కోడ్ చూసి కలిపారు కాబట్టి కంపెనీ రంగే వచ్చింది. చిక్కేమిటంటే నా కారు అప్పటికి ఆరు ఎండాకాలాలు బెజవాడలో ఆరుబయట కాగింది. దాని ఎరుపు మెత్తబడి కొంచెం నారింజ వైపు తిరిగింది. కింద కొత్త పారాణి పెట్టుకుని పైన వెలిసిన చీర కట్టుకున్నట్టు వచ్చింది కారు. నేను మాత్రం వారం పాటు బాల్కనీలోంచి దాన్ని చూసుకుంటూ కాఫీ తాగాను, అది కూడా నిజమే.

కిట్ వేయించాక వచ్చిన రెండో సంక్రాంతికి అవనిగడ్డ దగ్గర మా అత్తగారి ఊరికి కరకట్ట రోడ్డు మీదుగా బయల్దేరాం. కోతలైపోయి రోడ్డు అంచుల్లో ధాన్యం ఆరబోసి ఉంది. ఎదురుగా బస్సొస్తే కొంచెం పక్కకి దిగక తప్పదు. దిగినప్పుడల్లా మా లిప్ గొర్రు తోలినట్టు ధాన్యం గీసుకుంటూ పోయింది. ఒక పెద్దావిడ చీపురు ఎత్తి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను, తప్పు నాది.

ఊరూరికీ స్పీడ్ బ్రేకరు. పుస్తకంలో దానికి కొలతలున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన గుండ్రటి బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అంత వెడల్పులో అంత ఎత్తంటే గుర్రంలా ఎగరేయదు, పడవలా ఎక్కించి దించుతుంది. మన ఊళ్లలో ఏదైనా ప్రమాదం జరిగిన మర్నాడు జనమే సిమెంటు కలిపి పోసే బ్రేకర్లకి ఆ పుస్తకం తెలియదు. అవి జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు. మా పాత మోడల్ స్విఫ్ట్‌కి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు, అదీ ఖాళీ కారుకి. నలుగురం, డిక్కీ నిండా అరిసెల డబ్బాలు, నేలకి అయిదంగుళాలు కూడా ఎడం లేని లిప్. ప్రతి బ్రేకరు దగ్గరా మా ఆవిడ, పిల్లలు దిగి నడిచి దాటారు. నేను కారుని ఏటవాలుగా పాకించాను. నాలుగో ఊళ్లో టీకొట్టు ముందు కూర్చున్న ఒకాయన "కొత్త కారా బాబూ, అంత భయపడుతున్నావు?" అన్నాడు.

చీకటి పడ్డాక మోపిదేవి ఇవతల వెనక ఎడమ టైరు పంక్చర్. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది. జాకీ ఎక్కడ పెట్టాలి? డోర్ల కింద ఉండే రేకు అంచులో దానికోసమే చిన్న గంట్లుంటాయి. వాటి మీదే సైడ్ స్కర్టు కప్పేసి ఉంది. ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని అరగంట వెతికి, స్కర్టు లోపలి అంచుకి ఆనేటట్టు జాకీ పెట్టి తిప్పాను. కారు లేవడానికి ముందే టప్‌మని చప్పుడు. స్కర్టు రెండు ముక్కలు. మామగారు మోటార్ సైకిల్ మీద వచ్చి, ఊడిన ముక్క చేత్తో పట్టుకుని చూసి, "ఇది దేనికి పనికొస్తుంది అల్లుడుగారూ?" అని మర్యాదగానే అడిగారు. మైలేజీ అని ఆయనతో అనడానికి నోరు రాలేదు.

ఊరి నుంచి తిరిగొచ్చాక నాన్న నన్ను ఆటోనగర్‌లో తనకి తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లారు. ఒకప్పుడు లారీ క్యాబిన్లకి రేకు పని చేసిన మనిషి, ఇప్పుడు కార్ల టింకరింగ్ చేస్తున్నారు. ఆయన విరగని వైపు స్కర్టు కూడా విప్పమన్నారు. షాపు వాళ్లు దాన్ని టేపుతో అతికించలేదు, రేకుకి కన్నాలు కొట్టి ఆరు స్క్రూలు బిగించారు. విప్పగానే లోపలి నుంచి అర బకెట్టు ఎండు మన్ను రాలింది. ప్రతి స్క్రూ కన్నం చుట్టూ రూపాయి బిళ్లంత తుప్పు. డోర్ల కింద ఆ రేకు బోలు డబ్బాలా ఉంటుంది, దాని అడుగున నీళ్లు కారిపోవడానికి కంపెనీ వదిలిన చిన్న రంధ్రాలుంటాయి, వాటిని సిలికాన్‌తో మూసేశారు. రెండు వానాకాలాల నీళ్లు లోపలే మగ్గాయి. మేస్త్రీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక చోట నొక్కితే రేకు బిస్కట్టులా పొడైంది. ఆయన ఏమీ అనలేదు. వేలు తుడుచుకుని, "గాలికి వేయించారా సార్ ఇది, సోకుకా?" అని అడిగారు.

నాన్న ఉన్నారు పక్కన. "సోకుకే" అన్నాను.

"ఆ మాట అక్కడే చెప్పుంటే సరిపోయేది. సోకుకైతే ఇంత కిందికి దిగక్కర్లేదు, ఇన్ని కన్నాలక్కర్లేదు. చూసేవాడికి గీత కనబడితే చాలు."

నేను ఇంతసేపూ చెబుతున్న మాట ఇదే, ఆయన మూడు వాక్యాల్లో తేల్చేశారు.

మైలేజీ పేరు చెప్పకుండా చేసేవాళ్ల పని చూడండి. జపాన్‌లో అకిరా నకాయ్ అనే ఆయన పోర్షె 911 కార్ల మడ్‌గార్డులు రంపంతో కోసి, మీద వెడల్పాటి ముక్కలు బిగిస్తాడు. కారు ఏ దేశంలో ఉంటే అక్కడికి తనే వెళ్లి, తన చేత్తోనే కోస్తాడు. ప్రతి కారుకీ ఒక పేరు పెడతాడు. ఆ కోత నచ్చనివాళ్లు బోలెడుమంది, నాకూ పూర్తిగా నచ్చదు. కానీ ఆ కారు చూసి ఎవరూ మైలేజీ అడగరు.

మనకి మాత్రం సోకు అని చెప్పుకోవాలంటే సిగ్గు. ఎందుకో నాకు అర్థం కాదు. సంక్రాంతికి ఎడ్ల కొమ్ములకి రంగులేసి ఇత్తడి కుప్పెలు తొడిగి, మెడలో గజ్జెలు కడతారు. దానివల్ల ఎద్దు బరువు ఎక్కువ లాగుతుందని ఏ రైతూ చెప్పడు. నాన్నకి 1980ల్లో ఒక లారీ ఉండేది. అప్పట్లో లారీ కొంటే కంపెనీ నుంచి ఛాసిస్సే వచ్చేది: ఇంజను, ముందు ముఖం, చక్రాలు, వెనక రెండు పొడవాటి ఇనుప దూలాలు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. తోలుకొచ్చే డ్రైవరు నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఎండలో, వానలో వందల కిలోమీటర్లు అలాగే వచ్చేవాడు. క్యాబిన్, తొట్టి అన్నీ ఆటోనగర్‌లో కట్టించుకోవాలి. నాన్న నెల రోజులు అక్కడే షెడ్డులో పడుకుని కట్టించారు. క్యాబిన్ మీద చెక్క కిరీటం, దాని మీద వెంకటేశ్వర స్వామి, రెండు పక్కలా నెమళ్లు, వెనక తలుపు మీద పద్యంలాంటి రెండు ముక్కలు. నెమళ్లకే పెయింటరు నాలుగు రోజులు తీసుకున్నాడట. "దేనికి నాన్నా అవన్నీ?" అని ఇప్పుడు అడిగితే, "బావుంటాయి కదరా" అంటారు. అంతే. ఒక్క మాట ఎక్కువ చెప్పరు.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే షాపుల్లో "ఏం కాదు సార్, అందరూ వేయిస్తున్నారు" అనే మాటే వినిపిస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. మార్పు అంటే బండి మూల స్వరూపాన్నే మార్చే నిర్మాణపు మార్పు అని ఆ సెక్షన్లోనే వివరణ ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. నా ఆర్సీ కార్డు మీద రంగు ఉంది, సీట్లు ఉన్నాయి, వీల్‌బేస్ ఉంది. టేపుతో అతికించి, సాయంత్రానికి ఊడదీయగలిగే లిప్ వీటిలో దేన్నీ మార్చదు. మడ్‌గార్డు కోసి వెడల్పు పెంచడం, ఛాసిస్ ముట్టుకోవడం వేరే కథ. నా చదువు ఇంతే, నేను లాయర్‌ని కాను. ముందు బంపర్‌కి కట్టే ఇనుప క్రాష్ గార్డుల మీద మాత్రం ఏ సందేహమూ లేదు. వాటి మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి రాసింది. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బ మింగాల్సిన భాగం ముందు ఇనుప కమ్మీ పెడితే, ఆ దెబ్బ తిన్నగా ఛాసిస్‌కి పోతుంది, ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ లెక్క తప్పుతుంది, ఎదురొచ్చిన మనిషి కాలు ఇనుముకి తగులుతుంది. ఇది సోకులోకి కూడా రాదు.

ఇన్సూరెన్స్ దగ్గర నాకు ఇంకో దెబ్బ తగిలింది. ముందు బంపర్‌కి చిన్న యాక్సిడెంట్ అయితే సర్వేయరు వచ్చి ఫోటోలు తీసి, లిప్‌కి ఒక్క రూపాయి రాయలేదు. "పాలసీలో చెప్పలేదు కదండీ" అన్నాడు. కంపెనీ బిగించని సామాను పాలసీ తీసుకునేటప్పుడే విలువతో సహా చెప్పి, దానికి ప్రీమియం కట్టాలి. చెప్పి కట్టినా మొత్తం రాదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు ముక్కల మీద 50 శాతం, ఫైబర్ గ్లాస్ ముక్కల మీద 30 శాతం తరుగు కోస్తారు. పగిలిపోయే ఫైబర్‌కి తక్కువ కోత, ఒంగి బతికే ప్లాస్టిక్‌కి ఎక్కువ కోత. ఇదేం న్యాయమో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

రెండో కిట్ మేస్త్రీ దగ్గరే వేయించాను. ముందు తుప్పు కోసేసి కొత్త రేకు అతికారు, ఆ ఖర్చు వేరే. తర్వాత ఏబీఎస్‌లో సన్నటి లిప్ ఒకటి, జాకీ గంట్లు వదిలేసి మధ్యలో మాత్రమే ఉండే సన్న స్కర్టులు రెండు. డిఫ్యూజర్ లేదు, రెక్క లేదు. రంగు కోసం పెట్రోలు మూత విప్పి పెయింట్ షాపుకి పంపారు, కోడ్ చూడొద్దు, దీన్ని చూసి కలపండని. మూత కూడా కారుతోపాటే ఎండలో కాగింది కదా, ఈసారి రంగు కలిసింది. అతికించే రోజు కారుని ముందు సోపుతో, తర్వాత స్పిరిట్‌తో తుడిచి, హీట్ గన్‌తో రేకు కొంచెం వెచ్చబెట్టి, రెండువైపుల టేపు వేసి, ఒక్కో జానా రెండు చేతులతో నొక్కుకుంటూ పోయారు. "రేపటి దాకా నీళ్లు పోయొద్దు" అన్నారు. చివర్లో లిప్ కింద ఒక అరచేయి, దాని కింద ఇంకో అరచేయి అడ్డంగా పెట్టి, "రెండు బెత్తలు. ఇంతకంటే దిగితే మన రోడ్లు ఒప్పుకోవు" అన్నారు. మొత్తం 11,500. ఆ కరకట్ట మీదే ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లొచ్చాను, ఎవరినీ దింపలేదు.

మైలేజీ? అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. మా ఆవిడ పెట్రోలు బిల్లులు రాసి పెట్టుకున్న డైరీ చూపించింది కూడా.

పోయిన నెల మా బావమరిది బలెనో కొన్నాడు. "బావా, వెనక రెక్క వేయిద్దామనుకుంటున్నా, హైవే మీద గ్రిప్పు..." అని మొదలుపెట్టాడు. నేనేమీ మాట్లాడకుండా ఆదివారం ఆటోనగర్‌కి తీసుకెళ్లాను. మేస్త్రీ కారు చుట్టూ ఒకసారి తిరిగి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, వాణ్ని చూసి నవ్వి అడిగారు.

"గాలికా బాబూ?"

వాడు నా వంక చూశాడు. నేను లారీల వైపు చూస్తున్నాను.